వాన వెలిసింది కదా అని పత్తికి యూరియా కొట్టబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

నాలుగు రోజులు ముసురు పట్టి వెలిసిందంటే పత్తి చేను పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతుంది, మనకేమో కాలు నిలవదు, సాయంత్రానికల్లా ఏదో ఒకటి పైన కొట్టేయాలి. కొట్టడం తప్పు కాదు. నేల నీరు పట్టి వేళ్ళకు గాలి ఆడనప్పుడు కింద ఎంత ఎరువు చల్లినా చెట్టు తీసుకోలేదు, అందుకే లీటరు నీళ్ళకు 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టమని శాస్త్రవేత్తలు కూడా చెప్తారు. కాకపోతే ముందు పార పట్టుకుని చేలో నిలిచిన నీళ్ళకు దారి తీయండి. వేరు మునిగి ఉండగా ఆకు మీద ఎంత కొట్టినా లాభం లేదు.

అసలు ఆకును మనం నోరు అనుకుంటాం. కాదు. అది చెట్టు కప్పుకున్న గొంగడి. తామరాకు మీద నీటిబొట్టు ఎలా జారిపోతుందో తెలుసు కదా, అలాంటి మైనం పొరే పత్తి ఆకు మీదా పల్చగా ఉంటుంది, లోపలి తడి బయటికి పోకుండా కాపాడటం దాని పని. ఆ పొరలో కంటికి కనపడని సన్న సందులూ, ఆకు అడుగున ఎక్కువగా ఉండే పత్రరంధ్రాలూ, మనం కొట్టింది లోపలికి పోవాలంటే ఇవే దారులు. అది కూడా బొట్టు తడిగా ఉన్నంతసేపే. యూరియా తొందరగా దిగుతుంది, జింకు, ఇనుము లాంటివి నిదానం. లేత ఆకు బాగా తీసుకుంటుంది, ముదురు ఆకు మొండికేస్తుంది.

ఈ సంగతి తెలియని రోజుల్లో నేను ఒకసారి మిట్టమధ్యాహ్నం కొట్టాను. కూలీలు ఆ పూటే దొరికారు, ఏం చేస్తాం. గంట తర్వాత వెళ్ళి చూస్తే ఆకుల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి రవ్వ, వేలితో రుద్దితే గరగరమంటోంది. నీరంతా ఎండకు ఆవిరైపోయి యూరియా పైనే పేరుకుపోయింది. మూడో రోజుకు ఆకు అంచులన్నీ గోధుమ రంగులో మాడిపోయాయి. ఎరువు దండగ, ఆకు దండగ, కూలీ దండగ. కాబట్టి పొద్దున మంచు ఆరాక ఎండ ముదిరేలోపు, లేదా సాయంత్రం నాలుగు దాటాక కొట్టండి. మంచు ఉండగా కొడితే మందు పల్చబడి కారిపోతుంది. ఆ తర్వాత కనీసం నాలుగైదు గంటలు వాన పడకూడదు, మబ్బు చూసుకోండి. చెట్టు వడలిపోయి తలవాల్చి ఉంటే ఆ రోజు వదిలేయండి. నాజిల్ ఆకు కింది వైపు కూడా తగిలేలా పైకి తిప్పి కొట్టాలి, చాలామంది నడినెత్తి మీద పోసినట్టు పోసి వచ్చేస్తారు. జిగురు మందు కలిపితే బొట్టు పరుచుకుంటుంది, అయితే సీసా మీద రాసినంతే, చేతికొచ్చినంత కాదు.

మోతాదు దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. 16 లీటర్ల పంపుకు యూరియా 320 గ్రాములు, గుప్పిళ్ళతో కొలవకండి, ఒకసారి తూకం వేసి ఒక డబ్బాకు గీత పెట్టుకోండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళ లెక్కన 4 కిలోలు పడుతుంది. ఇప్పుడు తైవాన్ పంపుతో (ఇంజను పంపు) అదే ఎకరాన్ని 80 లీటర్లలో ముగించేవాళ్ళున్నారు, వాళ్ళు కూడా ఎకరాకు 4 కిలోలు అని విని అంతా పోస్తే లీటరుకు 50 గ్రాములవుతుంది, ఆకు మాడక ఏమవుతుంది? ఎకరం లెక్క మర్చిపోండి, లీటరు లెక్క పట్టుకోండి. ఇంకో మాట, ఆ 4 కిలోల యూరియాలో ఉన్న నత్రజని రెండు కిలోలు కూడా ఉండదు, 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. పైన కొట్టాం కదా, ఇక కింద వేయక్కర్లేదు అనుకుంటే చేను పస్తులుంటుంది.

యూరియా కరిగేటప్పుడు నీళ్ళు చల్లబడతాయి, బకెట్ పట్టుకుంటే తెలుస్తుంది, చల్లటి నీళ్ళలో అది ఇంకా నిదానంగా కరుగుతుంది. విడిగా బాగా కలిపి, గుడ్డలో వడకట్టి పంపులో పోయండి, లేకపోతే ప్రతి సాలుకూ నాజిల్ విప్పుకుంటూ కూర్చోవాలి.

ఒకే ట్యాంకులో అన్నీ కలిపేసే అలవాటు మానండి. డీఏపీ నీళ్ళలో జింకు సల్ఫేట్ పోస్తే పాలు విరిగినట్టు విరుగుతుంది. కాల్షియం నైట్రేట్‌తో మెగ్నీషియం సల్ఫేట్ కలిపితే జిప్సం తయారై అడుక్కి దిగుతుంది. ఏది కలపాలన్నా ముందు ప్లాస్టిక్ సీసాలో కొద్దిగా కలిపి అరగంట పక్కన పెట్టండి, మడ్డి దిగితే వద్దు. దిగకపోయినా, ముందు పది చెట్ల మీద కొట్టి రెండు రోజులు ఆగడం మంచిది.

ఎరువే కదా అని ఒంటి సంగతి వదిలేయకండి, ముఖ్యంగా పురుగుమందుతో కలిపి కొట్టేవాళ్ళు. 2017లో మన ఆదిలాబాద్ పక్కనే ఉన్న యవత్మాల్‌లో పత్తికి పురుగుమందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. గాలికి ఎదురుగా నడవొద్దు.

చివరగా పంపు. ఒక ఏడాది మా పంపు రిపేరుకొస్తే పక్క చేను వాళ్ళది అడిగి తెచ్చాను. అంతకుముందు దాంతో వరిలో 2,4-డి అనే గడ్డి మందు కొట్టారట, నీళ్ళతో ఒకసారి తొలిపారు, అంతే. వారానికి నా పత్తిలో కొత్త ఆకులు సన్నగా, పొడుగ్గా, చీలికలు చీలికలుగా బెండాకులా వచ్చాయి. వైరస్ అనుకుని టెన్షన్ పడి షాపు చుట్టూ తిరిగాను, చివరికి తేలింది ఇదీ. పత్తి దెబ్బతినడానికి 2,4-డి చుక్క మిగిలినా చాలు. తప్పనిసరై అలాంటి పంపే వాడాల్సివస్తే బట్టల సబ్బు పొడి నీళ్ళతో ట్యాంకు, పైపు, నాజిల్ అన్నీ రెండు మూడుసార్లు కడగండి, అదీ పూర్తి భరోసా కాదు. ఇప్పుడు మా ఇంట్లో గడ్డి మందు పంపు వేరే, మూత మీద ఎర్ర పెయింట్ పూసి ఉంటుంది. మంచి పంపు ఎవరడిగినా ఇవ్వం, మేమూ అడగం.