రొమ్ము బయాప్సీ రిపోర్టును చదివే క్రమం

రొమ్ములో అనుమానించదగిన గడ్డ ఉందని మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చూపగలవు గానీ, అది క్యాన్సరా కాదా అన్నది తేల్చేది మైక్రోస్కోపు కింద పరీక్షించిన కణజాలమే. అందువల్ల రిపోర్టు చేతికి రాగానే ముందుగా నమూనాను ఎలా తీశారో చూడాలి. సన్న సూదితో కణాలను మాత్రమే తీసే ఎఫ్‌ఎన్‌ఏసీలో క్యాన్సర్ కణాలు కనబడవచ్చు గానీ, అవి పాలనాళాన్ని దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి చొచ్చుకుపోయాయో లేదో తెలియదు. కోర్ బయాప్సీలో కణజాలం ముక్కగా వస్తుంది కనుక ఆ తేడా తెలుస్తుంది. రిపోర్టులో ‘ఇన్ సిటూ’ అని ఉంటే కణాలు నాళంలోనే ఉన్నాయనీ, ‘ఇన్వేసివ్’ అని ఉంటే బయటికి వచ్చాయనీ అర్థం.

తరువాత రకం చూడాలి. ఎక్కువగా కనిపించేది డక్టల్ (పాలనాళపు) రకం. దీన్నే ఇప్పుడు ‘నో స్పెషల్ టైప్’ అని రాస్తున్నారు. లోబ్యులర్ (పాలగ్రంథుల) రకంలో కణాలను అంటిపెట్టి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ సాధారణంగా లోపిస్తుంది.

ఇక గ్రేడ్. కణాలు గొట్టాల ఆకారంలో ఎంతమేరకు అమరాయి, కేంద్రకాలు ఎంత వికృతంగా ఉన్నాయి, విభజన ఎంత జోరుగా సాగుతోంది అన్న మూడు అంశాలకూ 1 నుంచి 3 వరకు మార్కులు వేసి కూడుతారు. మొత్తం 3–5 అయితే గ్రేడ్ 1, 6–7 అయితే గ్రేడ్ 2, 8–9 అయితే గ్రేడ్ 3. గ్రేడ్ 3 అని చూసి మూడో స్టేజ్ అనుకొని అనవసరంగా బెదిరిపోయేవారు ఉంటారు. స్టేజ్ అనేది ప్రధానంగా వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో చెప్పే వేరే లెక్క.

చికిత్సను ఎక్కువగా నిర్ణయించేవి రిసెప్టర్ పరీక్షలు, అంటే హార్మోన్ల వంటి సంకేతాలను అందుకునే ప్రొటీన్లు క్యాన్సర్ కణాల్లో ఉన్నాయో లేదో చూసే పరీక్షలు, కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. క్యాన్సర్ కణాల్లో కనీసం 1 శాతానికి ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) రంగు పట్టినా పాజిటివ్‌గానే లెక్కిస్తారు, అయితే 1–10 శాతం మధ్య ఉంటే ‘లో పాజిటివ్’ అని విడిగా రాస్తారు. కణాల పెరుగుదలను ప్రేరేపించే హెర్2 అనే ప్రొటీన్ ఫలితం 3+ అయితే పాజిటివ్, 0 లేదా 1+ అయితే నెగటివ్. 2+ వస్తే ఫిష్ వంటి జన్యు పరీక్ష చేయనిదే తేలదు. ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టరాన్ రిసెప్టర్), హెర్2 మూడూ నెగటివ్ అయితే ట్రిపుల్ నెగటివ్ అంటారు. తీసిన ముక్కను గంటలోపు, కణజాలాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటల వరకు ఉంచాలి; ఈ జాగ్రత్త తప్పితే ఫలితం పొరపాటుగా నెగటివ్ రావచ్చు. కాబట్టి గ్రేడ్ 1 గడ్డకు ఈఆర్ నెగటివ్ అని వస్తే, మళ్లీ పరీక్షించాలా అని డాక్టరును అడగడం సబబు.

స్కాన్‌లో క్యాన్సర్ అనుమానం బలంగా ఉండి, బయాప్సీలో మాత్రం ఏమీ లేదని వస్తే, సూది సరైన చోట పడకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి చూడమని, అవసరమైతే బయాప్సీ మళ్లీ చేయమని కోరాలి.