పలుచటి బ్రాడ్‌బ్యాండ్ యాంటెన్నా కింద మెటామెటీరియల్ పెట్టే పద్ధతి

యాంటెన్నా వెనక మామూలు లోహపు రేకు పెడితే దాన్ని తాకి వెనక్కొచ్చే తరంగం ఫేజ్ (అల ఊగే దశ) 180 డిగ్రీలు తిరిగిపోతుంది, అందుకే మధ్యలో పావు తరంగదైర్ఘ్యం ఖాళీ వదలాలి, 3 గిగాహెర్ట్జ్ దగ్గర అదే 25 మిల్లీమీటర్లు. ఆ మందం తగ్గాలంటే రేకు మీద సబ్‌స్ట్రేట్ (కరెంటు పారని బోర్డు పొర), దాని మీద చిన్న చిన్న చదరపు లోహపు ప్యాచ్‌లు వరుసగా పేర్చిన ఏఎంసీ (ఆర్టిఫిషియల్ మాగ్నెటిక్ కండక్టర్, తరంగాన్ని ఫేజ్ తిప్పకుండా వెనక్కి పంపే ఒక రకం మెటామెటీరియల్, అంటే కృత్రిమ నిర్మాణం) వాడాలి. 1999లో సీవెన్‌పైపర్ బృందం చూపించిన పుట్టగొడుగు నిర్మాణం ఈ రకమే. తరంగం ఫేజ్ మారకుండా వెనక్కి రావడం మాత్రమే మీకు కావాలంటే వయాలు (ప్యాచ్‌ని కింది రేకుకు కలిపే లోహపు కడ్డీలు) అక్కర్లేదు, సర్ఫేస్ వేవ్స్‌ని (ఉపరితలం వెంట పాకే తరంగాలని) ఆపాలనుకుంటేనే వేయండి.

మొదట హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ లేదా సీఎస్‌టీ లాంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సెల్ (ఒక ప్యాచ్, దాని చుట్టూ సందు) గీసి, అదే నలువైపులా అంతులేకుండా రిపీట్ అవుతున్నట్టు లెక్కించే పీరియాడిక్ బౌండరీలు పెట్టి, రిఫ్లెక్షన్ ఫేజ్ (వెనక్కొచ్చే తరంగం ఫేజ్) చూడండి. +90 నుంచి -90 డిగ్రీల మధ్య ఉన్నదే ఏఎంసీ బ్యాండ్‌విడ్త్‌గా లెక్క.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఫ్రీక్వెన్సీ దించాలని ప్యాచ్‌ల మధ్య సందు తగ్గిస్తూ పోతే కెపాసిటెన్స్ పెరుగుతుంది, సెల్ చిన్నదవుతుంది, కానీ బ్యాండ్ కూడా ఇరుకైపోతుంది. సబ్‌స్ట్రేట్ మందం పెంచితే ఇండక్టెన్స్ పెరిగి, ఫ్రీక్వెన్సీ దిగినా బ్యాండ్ వెడల్పవుతుంది. నేనైతే భరించగలిగినంత మందం ముందే ఖాయం చేసుకుని, ఆ తర్వాతే ప్యాచ్ కొలతలు ముట్టుకుంటాను.

ఇప్పుడు పైన బో-టై లాంటి వెడల్పాటి డైపోల్ పెట్టండి. మ్యాచింగ్ (కేబుల్ నుంచి పవర్ వెనక్కి తిరగకుండా యాంటెన్నాలోకి వెళ్లేలా కుదరడం) చెడిపోతుంది, టెన్షన్ పడొద్దు, డైపోల్ చేతుల పొడవు, ఫీడ్ దగ్గరి సందు మళ్లీ సరిచేయాలి. ఫేజ్ సరిగ్గా సున్నా ఉన్న చోటే మ్యాచ్ బాగుంటుందని అనుకోకండి, ఇలా దగ్గరగా పెట్టిన డైపోల్‌కి సాధారణంగా +90 చుట్టుపక్కలే బాగా కుదురుతుంది.

ఎస్11 (యాంటెన్నా నుంచి కేబుల్‌లోకి ఎంత పవర్ తిరిగొస్తోందో చెప్పే కొలత) బ్యాండ్ అంతా -10 డీబీ కింద కనిపించగానే ఆగిపోకండి, దయచేసి ఎఫిషియెన్సీ (ఇచ్చిన పవర్‌లో ఎంత నిజంగా రేడియేట్ అవుతోందో) కూడా చూడండి, ఎందుకంటే పవర్ బోర్డులోనే వేడిగా పోతున్నా ఎస్11 అందంగానే ఉంటుంది. మామూలు బోర్డు మెటీరియల్ ఎఫ్‌ఆర్4 లాస్ టాంజెంట్ (ఎంత పవర్ వేడిగా పోతుందో చెప్పే అంకె) సుమారు 0.02, మైక్రోవేవ్ బోర్డు మెటీరియల్ ఆర్‌టీ డ్యూరాయిడ్ 5880కి 0.0009. ప్యాచ్‌ల సందుల్లో ఫీల్డ్ గట్టిగా ఉంటుంది కాబట్టి ఈ తేడా ఇక్కడ బాగా తగులుతుంది.

చివరగా, బోర్డు చేయించి కొలిచేటప్పుడు బాలన్ (కోయాక్స్ కేబుల్‌ని డైపోల్ రెండు చేతులకీ సమానంగా కలిపే భాగం) మరిచిపోవద్దు. అది లేకపోతే కోయాక్స్ కేబుల్ పైతొడుగు కూడా రేడియేట్ చేస్తుంది, కేబుల్‌ని చేత్తో కదిపితే ఎస్11 గీత కదిలిందంటే మీరు కొలుస్తున్నది యాంటెన్నాని ఒక్కదాన్నే కాదు.