ఏళ్ల తరబడి వాడిన ఎస్సిటలోప్రామ్‌ను ఎలా తగ్గించుకోవాలి?

ఎస్సిటలోప్రామ్ ఆందోళనకు, డిప్రెషన్‌కు వాడే మందు. ఆందోళన తగ్గింది కదా అని మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లోనే తల తిప్పడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం మొదలవ్వొచ్చు. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. చాలాసార్లు అది జబ్బు కాదు, మందు అందక మెదడు పడే అవస్థ.

నరాల కణాల మధ్య విడుదలైన సెరోటోనిన్‌ను (కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం) తిరిగి లోపలికి లాక్కునే పంపులుంటాయి. ఈ మందు వాటికి అడ్డుపడుతుంది. అడ్డుపడటం గంటల్లో జరిగిపోతుంది గానీ, దానికి తగ్గట్టు మెదడు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఏళ్లు గడిచాక ఆ సర్దుబాటే మామూలు స్థితి అవుతుంది. వెనక్కి రావడానికీ వ్యవధి ఇవ్వాలి. రక్తంలో సెరోటోనిన్ పరీక్ష చేయిస్తే మెదడులో ఏముందో తెలియదు, దానికి డబ్బు పెట్టకండి.

ముందు స్ట్రిప్ మీద పేరు పూర్తిగా చదవండి. మనదగ్గర ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్రలు ఎక్కువ. క్లోనజెపామ్ దారి వేరు, అది మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం మీద పనిచేస్తుంది. ఎక్కువకాలం వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. కాబట్టి రెండింటినీ విడదీసి, ఒక్కొక్కటిగా తగ్గించమని డాక్టర్‌ని అడగండి.

20 మిల్లీగ్రాములు వాడేవారికి 15, ఆపైన 10, ఒక్కో మెట్టు మీద కనీసం 4 వారాలు అనేది డాక్టర్‌తో మాట్లాడటానికి మంచి మొదలు. అసలు జాగ్రత్త చివర్లోనే. దీని తోబుట్టువు లాంటి సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు దాదాపు 80 శాతం పంపులను ఆపితే, 9 మిల్లీగ్రాములు కూడా 70 శాతం దాకా ఆపుతాయి. అంటే సగానికి పైగా తగ్గించినా మెదడుకు పెద్దగా తేడా తెలియదు, ఆ చివరి చిన్న ముక్క తీసేసినప్పుడే పంపుల మీద మందు పట్టు నిటారుగా జారుతుంది. అందుకే 5 నుంచి నేరుగా సున్నాకు దిగకండి. 5 మిల్లీగ్రాముల మాత్రను పిల్ కట్టర్‌తో సగం చేయండి. వేళ్లతో విరిస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి పొడి.

రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం వద్దు. సుమారు 30 గంటలకు మందు సగమవుతుంది. 48 గంటలయ్యేసరికి మూడో వంతే మిగులుతుంది, మెదడు ఊయల ఊగుతుంది.

తేదీ, మోతాదు, లక్షణం రాసుకోండి. తగ్గించిన కొద్ది రోజుల్లోనే వచ్చి, పాత మోతాదు వేయగానే త్వరగా సర్దుకుంటే అది మందు తగ్గిన ప్రభావమే. వారాల తర్వాత మెల్లగా పాత భయాలే ముసురుకుంటే జబ్బు తిరిగొస్తోందేమో చూపించుకోవాలి. ఈ సమయంలో నొప్పులకు ట్రమడాల్ ఎవరైనా రాస్తే, ఎస్సిటలోప్రామ్ వాడుతున్నట్టు చెప్పండి. రెండూ కలిస్తే సెరోటోనిన్ ప్రమాదకరంగా పెరగొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.