ఒకే పీసీఎం లైను మీద నాలుగు కోడెక్‌లు కలపడం

కోడెక్ అంటే గొంతును అంకెలుగా, అంకెలను మళ్లీ గొంతుగా మార్చే చిప్. పీసీఎం లైను ఆ అంకెలను బిట్టు తర్వాత బిట్టుగా మోస్తుంది. ముందు లెక్క చూద్దాం. క్లాకు 2.048 మెగాహెర్ట్జ్, ఫ్రేమ్ సింక్ (ప్రతి ఫ్రేమ్ మొదలును చెప్పే పల్సు) 8 కిలోహెర్ట్జ్. ఫ్రేమ్ 125 మైక్రోసెకన్లు, అందులో 256 బిట్లు, అంటే ఎనిమిదేసి బిట్ల స్లాట్లు (ఒక్కో కోడెక్ వంతులు) 32. ఒక్కో బిట్టుకు 488 నానోసెకన్లు. సింక్‌ను అదే క్లాకును 256తో భాగించి తీయండి. దానికి విడిగా ఆసిలేటర్ పెడితే స్లాట్లు జారిపోతాయి.

డేటా అవుట్‌లన్నీ ఒక తీగకు, డేటా ఇన్‌లన్నీ ఇంకో తీగకు కలపాలి. క్లాకు అన్నిటికీ ఒకటే. సింక్ మాత్రం ఒక్కో కోడెక్‌కు ఎనిమిదేసి బిట్లు ఆలస్యంగా అందాలి. ప్రతి అవుట్ పిన్ను దగ్గర 33 ఓమ్‌లు సిరీస్‌లో, అవుట్ లైను మొత్తానికి ఒకే 4.7 కిలో ఓమ్ పుల్-అప్ (ఎవరూ నడపనప్పుడు లైనును పైకి లాగి ఉంచే రెసిస్టర్). కోడెక్‌లుండే కార్డుకొకటి చొప్పున పుల్-అప్ పెడితే, పదహారు కార్డులున్న చోట అది దాదాపు 300 ఓమ్‌లకు పడిపోతుంది. అప్పుడు లైనును కిందికి లాగడానికి డ్రైవర్లు (కోడెక్‌లలో అవుట్ పిన్నును నడిపే భాగాలు) ఆయాసపడతాయి.

ఇక స్లాటు పట్టుకోవడం తేలికే, వదలడం దగ్గరే తంటా. క్లాకు పైకి లేచే రైజింగ్ అంచున కొత్త కోడెక్ మొదలయ్యేసరికి పాతది ఇంకా లైనును వదలకపోతే రెండూ పోట్లాడతాయి. చదివేది క్లాకు కిందికి దిగే ఫాలింగ్ అంచున, అంటే 244 నానోసెకన్ల తర్వాత. కాబట్టి ఇరవై ముప్పై నానోసెకన్ల పోట్లాట వినిపించదు. క్లాకు తేడా వల్ల అది పెరిగి చదివే అంచును తాకితే చెడేది తర్వాతి స్లాటు మొదటి బిట్టు. అది సైన్ బిట్టు, అంటే విలువ ప్లస్సా మైనస్సా చెప్పేది. మాటలో చిటపటలు అందుకే. ఎఫ్‌పీజీఏతో (లోపలి లాజిక్‌ను కోడుతో మనమే అమర్చుకునే చిప్‌తో) నడిపేవాళ్లు 16.384 మెగాహెర్ట్జ్ క్లాకు తీసుకుని, ఎనిమిదో బిట్టు ఫాలింగ్ అంచు దాటిన రెండు టిక్‌లకు, అంటే 122 నానోసెకన్లకు, డ్రైవరు ఆపేయండి.

ఖాళీ స్లాటులో పుల్-అప్ వల్ల అన్నీ ఒకట్లే కనిపిస్తాయి. గొంతును ఎనిమిది బిట్లలోకి కుదించే పద్ధతులు రెండు, మ్యూ-లా, ఎ-లా. మ్యూ-లాలో అది నిశ్శబ్దం. మన దేశంలో వాడే ఎ-లాలో కాదు, అక్కడ హెక్సాలో డి5 నింపాలి.

స్కోపును (ఆసిలోస్కోప్‌ను) సింక్‌తో ట్రిగ్గర్ చేయండి. 3.3 వోల్టుల బస్సు మీద మధ్యలో ఒకటిన్నర వోల్టు మెట్టు కనిపిస్తే రెండు డ్రైవర్లు కొట్టుకుంటున్నట్టే. నెమ్మదిగా వంగి పైకెక్కే గీత పుల్-అప్‌ది, దానికి కంగారు వద్దు. అన్ని చానళ్లలోనూ గొంతు చీలిపోతుంటే షార్ట్ సింక్, లాంగ్ సింక్ మోడ్‌లు (సింక్ పల్సు పొట్టిగా, పొడుగ్గా ఉండే రెండు పద్ధతులు) రెండు వైపులా కలవలేదు, ఒక బిట్టు జరిగింది.

కావలి, సింగరాయకొండ లాంటి తీర ఊళ్లలో ఇంకో చిక్కు: ఉప్పుగాలికి ఎడ్జ్ కనెక్టర్లు చిలుం పడతాయి. గ్రౌండ్ పిన్ను సరిగా తగలకపోతే క్లాకు అంచులు వణుకుతాయి, స్కోపులో అది అచ్చం టైమింగ్ తప్పులాగే ఉంటుంది. కోడు ముట్టుకునే ముందే కార్డు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ గుచ్చి చూడండి.