పుట్టుకతో వచ్చే కిడ్నీ జబ్బు: కేంద్ర సాయానికి దరఖాస్తు విధానం

కిడ్నీల నిండా నీటితిత్తులు, దానికి తోడు పుట్టుకతోనే లివర్ గట్టిపడటం. ఏఆర్‌పీకేడీ అనే ఈ వంశపారంపర్య జబ్బు ఉన్న పిల్లలకు కిడ్నీ మార్పిడి అవసరమైతే, జాతీయ అరుదైన వ్యాధుల విధానం-2021 కింద రూ.50 లక్షల వరకు సాయం అందుతుంది. మొదట రూ.20 లక్షలే ఉండేది, 2022లో పెంచారు.

దీనికి మీసేవలోనో కలెక్టరేట్‌లోనో అర్జీ పెట్టుకునే పని లేదు. బిడ్డను అరుదైన వ్యాధుల కోసం కేంద్రం గుర్తించిన ఆసుపత్రికి (సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్) తీసుకెళ్లాలి. మనకు దగ్గరలో ఉన్నది హైదరాబాద్‌లోని నిమ్స్. ఇది జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ అనే సంస్థతో కలిసి పనిచేస్తుంది. అక్కడ జబ్బు నిర్ధారణై, సాయానికి సిఫారసు వెళ్తే డబ్బు ఆ ఆసుపత్రికే వస్తుంది, మీ ఖాతాలో పడదు. కాబట్టి వేరేచోట ఆపరేషన్ మాట్లాడుకోకముందే అక్కడ చూపించండి.

ఇక ఫైలు. చాలామంది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులు పట్టుకుని వెళ్తారు. అవి చాలవు. గర్భంలో ఉన్నప్పటి స్కానింగులు కూడా తీసుకెళ్లండి. కిడ్నీలు పెద్దగా ఉన్నాయని, ఉమ్మనీరు తగ్గిందని అందులో రాసి ఉంటే జబ్బు పుట్టుకకు ముందునుంచే ఉందని తెలుస్తుంది. లివర్, ప్లీహం (స్ప్లీన్) స్కాన్, ప్లేట్‌లెట్ల సంఖ్య కూడా ముఖ్యం. ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే లివర్ కూడా మార్చాలా అన్న ప్రశ్న వస్తుంది. రెండూ మార్చాల్సి వచ్చినా సాయం అదే పరిమితిలోనే.

జెనెటిక్ టెస్ట్ చేయించి ఉంటే ఆ రిపోర్టు తప్పక పెట్టండి. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యులోపానికి వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే ముప్పు 25 శాతం ఉంటుంది. మరో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే జెనెటిక్ కౌన్సెలింగ్ అడగండి.

కిడ్నీ ఇచ్చే దాత కాగితాలు వేరే. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అమ్మానాన్నలు, తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మ దగ్గరి బంధువులే. ఆ బంధుత్వం రుజువు కావాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, జనన ధ్రువపత్రంలో పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

మంజూరు వచ్చేదాకా డయాలసిస్ గానీ, బీపీ మందులు గానీ ఆపకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉంది. అర్హత ఉంటే వాడుకోండి.