పొలం దగ్గర ఉంటూ మొదటి కారు, మొదటి ఉద్యోగం: ఏది ముందు, ఏది వెనక

పొలం దగ్గరే ఇల్లు ఉన్నవాళ్లకి కారు, ఉద్యోగం రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. జీతం రానిదే కారు కొనలేరు, కారు లేనిదే జీతమొచ్చే చోటికి వెళ్లలేరు. ఈ ముడి విప్పాలని చాలామంది తొందరపడి ముందు కారు కొనేస్తారు. తర్వాత దాని కిస్తీలు కట్టడానికి ఏ పని దొరికితే దానికి ఒప్పుకుంటారు. ఈ వరస తిరగేయండి. ముందు ఉద్యోగాల వేట మొదలుపెట్టండి. ఎంత దూరం, ఏ దారిన, ఏ వేళకి వెళ్లాలో తెలిశాక ఎలాంటి కారు కావాలో చెప్పడం తేలిక. మొదటి జీతం చేతికొచ్చేదాకా అటువైపు వెళ్లే వాళ్లెవరితోనైనా పెట్రోలు ఖర్చు పంచుకుని వెళ్లొచ్చు. జీతం స్లిప్పు చూపించగలిగితే అప్పు కూడా తక్కువ వడ్డీకి దొరకొచ్చు.

దూరం లెక్క

మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి నిర్ణయించుకోవద్దు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా నిమిషాల్లో కొలవండి. పొలం బాట రెండు కిలోమీటర్లుండి, దాని మీద గంటకి 15 కిలోమీటర్లకి మించి వెళ్లలేకపోతే తారురోడ్డు ఎక్కడానికే 8 నిమిషాలు పడుతుంది. మధ్యలో గేట్లుంటే దిగి తీయాలి, దాటాలి, మళ్లీ దిగి వేయాలి. ఒక్కో గేటుకి నిమిషం పైనే పోతుంది. వానాకాలంలో అదే బాటకి రెట్టింపు సమయం వేసుకోండి. ఉద్యోగానికి బయల్దేరాల్సిన వేళకే ఎవరి బండిలోనైనా ఒకసారి వెళ్లి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒకవైపు 45 నిమిషాలు దాటితే ఎక్కువ రోజులు నిలబడలేరు. పొద్దునా సాయంత్రం పశువుల పని కూడా మీదే అయితే 30 నిమిషాల దగ్గరే ఆగండి.

ఇక ఇంధనం. ఒకవైపు 25 కిలోమీటర్లయితే రోజుకి 50, నెలకి 22 పనిదినాల చొప్పున 1,100 కిలోమీటర్లు. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారుకి నెలకి 73 లీటర్లు కావాలి. ఏడాదికి 13,200 కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి 40,000 కిలోమీటర్లు వచ్చే టైర్లు మూడేళ్లకి అరిగిపోతాయి. ఇంధనం, ఇన్సూరెన్స్, సర్వీసు, కిస్తీ, రిపేర్లకి పక్కన పెట్టే డబ్బు అన్నీ కలిపి జీతంలో నాలుగో వంతు దాటకుండా చూసుకోండి. దాటుతోందంటే ఇంకా దగ్గరి ఉద్యోగమో, ఇంకా చౌక కారో చూడాలి.

ఏ కారు

ముందు మీ బాటని కొలవండి. చక్రాలు పడి లోతైన గాళ్లకి, వాటి మధ్య మిగిలిన గట్టుకి తేడా ఎంతో చూడాలి. గట్టు మీద తిన్నని కర్ర అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి గాడి అడుగు దాకా టేపుతో కొలిస్తే చాలు. ఆ కొలత మీద కనీసం 5 సెంటీమీటర్లు ఎక్కువ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు అడుగుకీ మధ్య ఎడం) ఉన్న కారే తీసుకోండి. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను పడ్డాక కారు కిందికి దిగుతుంది. క్లియరెన్స్ చాలకపోతే ముందు దెబ్బతినేది ఇంజిన్ ఆయిల్ ఉండే సంపు, ఆ తర్వాత సైలెన్సర్ గొట్టం. సంపు పగిలింది గమనించకుండా నాలుగు కిలోమీటర్లు నడిపితే ఇంజినే పోతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే ఏర్పాటు) కోసం డబ్బు పోయొద్దని మా సలహా. అదే డబ్బులో కొంత పెట్టి బాటలో అధ్వానంగా ఉన్న చోట్ల కంకర పోయిస్తే ఇంట్లో అన్ని బళ్లకీ పనికొస్తుంది. టైరు మీద 175/65 R14 లాంటి అంకెలుంటాయి. అందులో 65 అంటే టైరు పక్క గోడ ఎత్తు, వెడల్పులో 65 శాతం అని. ఈ అంకె 65 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. 55, 50 ఉన్న టైర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ గుంతలో పడితే రిమ్ము వంగుతుంది. చిన్న ఇంజిన్, మాన్యువల్ గేర్లు, దగ్గర్లోని మెకానిక్‌కి బాగా చేయితిరిగిన మోడల్ అయితే మొదటి కారుకి అంతకంటే అక్కర్లేదు.

చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టేయకండి. ఐదో వంతు దాచుకోండి. సెకండ్‌హ్యాండ్ కారు ఇంటికొచ్చిన మొదటి నెలలోనే ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ, ఒకటి రెండు టైర్లు అడుగుతుంది.

కారు చూసేటప్పుడు

పగటిపూట, వాన లేనప్పుడు వెళ్లండి. తడి బాడీ మీద సొట్టలు, రంగు తేడాలు కనిపించవు. మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే వేడి చేశారన్నమాట. చల్లటి ఇంజిన్‌లోనే రోగాలు బయటపడతాయి.

ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో జిగురుంటే కూలెంట్ (రేడియేటర్‌లో ఉండే, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్‌లో కలుస్తోందేమోనని అనుమానించాలి. చిన్న దూరాలే తిరిగిన బండిలో తేమ వల్ల కూడా అలా కొంచెం కనిపిస్తుంది. అందుకే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల), రేడియేటర్ నీళ్లు కూడా చూడాలి. నీళ్లలో నూనె తెట్టె ఉంటే ఆ కారు వదిలేయండి. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి మీరు వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. నల్ల పొగైతే ఇంధనం ఎక్కువ పడుతోంది. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతోంది. చలి పొద్దున మొదటి రెండు నిమిషాల ఆవిరికి కంగారు పడక్కర్లేదు.

క్లచ్ పరీక్షకి హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. ఒక్కసారి చూస్తే చాలు. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి, రెండోవైపూ అలాగే. ముందు చక్రాల దగ్గర టకటకమని వినిపిస్తే యాక్సిల్ జాయింట్లు అరిగాయి. వాటి మీదుండే రబ్బరు తొడుగు చిరిగి దుమ్ము లోపలికి పోతే అలా అవుతుంది. మట్టి రోడ్ల మీద తిరిగిన బళ్లలో ఇది మామూలే.

టైరు ట్రెడ్ (టైరు మీది గాళ్ల లోతు) 3 మిల్లీమీటర్లకి తగ్గితే తడి రోడ్డు మీద పట్టు బాగా పడిపోతుంది. చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకున్నా బురద బాటకి అది చాలదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరుకి ట్రెడ్ ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది.

ఇంజిన్‌లో వాల్వుల్ని పిస్టన్లతో జతగా నడిపేది టైమింగ్ బెల్టా, టైమింగ్ చెయినా (గొలుసా) అని అడగండి. బెల్టయితే ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయి. ఆ రిపేరు కారు ధరలో పెద్ద భాగమే లాగేస్తుంది.

ఈ కాలపు కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్టు (కారు కంప్యూటర్ పట్టిన లోపాలు చదవడానికి) ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో లోపాల కోడ్లు చదవొచ్చు. కోడ్లు లేవని సంబరపడకుండా ‘రెడీనెస్’ పేజీ (కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేది) చూడండి. చాలా పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. ఎందుకో అడగండి.

సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి. అడుగున మట్టి మరక ఉంటే కారు వరదలో మునిగి ఉండొచ్చు. అలాంటి కారు ఎంత చౌకైనా వద్దు. చివరగా 17 అక్షరాల ఛాసిస్ నంబరు బాడీ మీద, కాగితాల మీద ఒక్కలాగే ఉందా, అమ్మే మనిషే యజమానా, పాత అప్పు తీరిందా చూసుకుని, ఇన్సూరెన్స్ మీ పేరుకి మారాకే రోడ్డెక్కండి.

పొలం కారుకి చేసే చెరుపు

దుమ్ములో తిరిగే కారుకి సర్వీసు పుస్తకంలో ‘కఠిన పరిస్థితులు’ అని వేరే పట్టిక ఉంటుంది. మీకు వర్తించేది అదే. అందులో ఆయిలు, ఎయిర్ ఫిల్టర్ మార్చే గడువు తక్కువగా ఉంటుంది, కొన్ని కార్లకి సగమే. ఎరువు బస్తాలు డిక్కీలో వేయొద్దు. యూరియా, పొటాష్ తేమ పీల్చుకుని కార్పెట్ కింద రేకుని తినేస్తాయి. తప్పనిసరైతే మందపాటి టార్పాలిన్ పరిచి, దించిన రోజే కడగండి. ధాన్యం పక్కన కారు నిలిపితే ఎలుకలు బానెట్ కింద గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి. వారానికోసారి ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి చూడండి. ఎండుగడ్డి మీద మాత్రం ఎప్పుడూ ఆపకండి. కారు కింద క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే డబ్బా) వందల డిగ్రీల వేడితో ఉంటుంది, గడ్డి తగిలితే అంటుకుంటుంది.

డిక్కీలో ఒక చెక్క పలక ఉంచండి, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. మెత్తటి నేలలో పలక లేకపోతే జాకీ కారుని లేపకుండా తానే దిగబడుతుంది. బ్యాటరీ దిగిపోయి ట్రాక్టర్ నుంచి జంపర్ కేబుల్ వేసే ముందు ట్రాక్టర్ 12 వోల్టులదేనా చూడండి. కొన్ని పెద్ద యంత్రాలకి 24 ఉంటుంది, కారు ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. ఎరుపు కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మీ కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా.

ఉద్యోగాల వేట

‘పొలం పనుల్లో సాయం చేశాను’ అని రాస్తే రెజ్యూమె చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. ఏ యంత్రం, ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు, ఎందరి కూలి లెక్కలు అని రాయండి. ‘45 హార్స్‌పవర్ ట్రాక్టర్ నడపడం, హైడ్రాలిక్ గొట్టాలు మార్చడం, స్ప్రేయర్ నాజిళ్ల ప్రవాహం కొలిచి సరిచేయడం, 20 పశువుల పాల లెక్క రాయడం’ అన్నప్పుడు గిడ్డంగి మేనేజర్‌కైనా విడిభాగాల షాపువాళ్లకైనా మీరేం చేయగలరో కనిపిస్తుంది. ట్రాక్టర్ డీలర్లు, దాణా మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, నీటిపారుదల పరికరాలు బిగించేవాళ్లు, పశువుల ఆసుపత్రులు ముందు చూడాల్సిన చోట్లు. సిఫారసుకి బంధువుల పేర్లివ్వకండి. మీ పని చూసిన పశువైద్యుడో మెకానిక్కో ఒప్పుకుంటే ఆ పేరివ్వండి.

మీ ఇల్లు దూరమని చూడగానే రోజూ సమయానికి వస్తారా అన్న అనుమానం వాళ్లకి వస్తుంది. లైసెన్సు ఉందని, ఎలా వస్తారో, ఎన్ని నిమిషాలు పడుతుందో రెజ్యూమెలోనే ఒక వాక్యంలో రాసేయండి. ట్రాక్టర్ లైసెన్సుతో కారు నడపొచ్చనుకోవద్దు, చాలా చోట్ల రెండూ వేరు.

సిగ్నల్ అందని ఇంట్లో ఇంటర్వ్యూ ఫోన్లు తప్పిపోతాయి. ఏ గంటల్లో దొరుకుతారో దరఖాస్తులో రాసి, ఆ గంటల్లో సిగ్నలున్న చోటే ఉండండి. వీడియో ఇంటర్వ్యూకి సిగ్నల్ బాగున్న చోట ఆపిన కారు మంచి గది. ఇంజిన్ ఆపి, అద్దాలెత్తి, ఫోన్ కంటి ఎత్తులో బిగించి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు రోజు అదే వేళకి అక్కడి నుంచే ఒకరికి వీడియో కాల్ చేసి చూసుకోండి. నేరుగా వెళ్లేటప్పుడు బట్టలు మార్చుకున్నాక కొట్టంలోకి అడుగు పెట్టొద్దు, బూట్లు మూతున్న డబ్బాలో తీసుకెళ్లి అక్కడ వేసుకోండి.

కోళ్ల, పందుల కంపెనీల్లో చేరాలనుకుంటే ముందే ఒక సంగతి అడగండి. జబ్బులు మోసుకొస్తారన్న భయంతో ఇంట్లో అవే జంతువులున్నవాళ్లని చాలా కంపెనీలు తీసుకోవు. షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుంది, వారంవారం మారుతుందా, ఓవర్‌టైమ్ సంగతి ఎన్ని రోజుల ముందు చెబుతారు అన్నవి కూడా ఒప్పుకునే ముందే తేల్చుకోవాలి. పాలు పితికే వేళలు రోజూ ఒక్కలాగే ఉండాలి. షిఫ్టు మారే వారంలో ఆ పని ఎవరు చూస్తారో ఇంట్లో ఖాయం చేసుకోండి. విత్తే రోజుల్లో, కోతల్లో సెలవు కావాలనుకుంటే సుమారుగా ఏ వారాలో చెప్పి, ఒప్పుకుంటే ఆఫర్ లెటర్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ రాయించుకోండి.