అడవిపంది మీద ఏ గుండు ఎట్లా పనిచేస్తుంది

చెనిక్కాయ ఊడలు దిగి కాయ పట్టేటప్పుడు అడవిపందుల మంద చేలో పడుతుంది. లంకమల అంచు పల్లెల్లోనైనా, నల్లమల కింది ఊళ్లలోనైనా అంతే. పంట పోయిందని తుపాకీ తీయడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 11 కింద అటవీశాఖ రాతపూర్వకంగా అనుమతిస్తేనే, అదీ లైసెన్సు తుపాకీతోనే కాల్చాలి. ఆ అనుమతి ఉన్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అందరూ ముందు బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, ఎంతని అడుగుతారు. అసలు చూడాల్సింది గుండు ఎంత లోతు పోతుంది, పోతూ ఎంత విచ్చుకుంటుంది అన్నది. మెత్తని సీసం ముక్కు బయటికి కనబడే సాఫ్ట్ నోస్ గుండు కండకు తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. ముక్కుదాకా రాగి తొడుగున్న గుండు విచ్చుకోదు. సన్న బొక్క చేసి అవతలికి దూసుకుపోతుంది. పంది పరిగెత్తి ఎక్కడో కంపలో పడి చస్తుంది, దూసుకుపోయిన గుండు పంది వెనకున్న వాళ్లకు ప్రమాదమవుతుంది.

విచ్చుకోవాలంటే వేగం ఉండాలి. మామూలు సాఫ్ట్ నోస్‌కు తగిలేచోట సెకనుకు సుమారు 550 మీటర్లు కావాలి. మనవాళ్ల దగ్గరుండే .315 రైఫిల్ గుండు బరువు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. గొట్టం వదిలేటప్పుడే వేగం 600 చుట్టుపక్కల. అందుకే 50, 60 మీటర్ల లోపల బాగా పనిచేస్తుంది, దూరం పెరిగేకొద్దీ విచ్చుకోవడం తగ్గుతుంది. ఇంకా జోరైన .30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల గుండు 800కు పైగా వేగంతో బయలుదేరుతుంది. దానికి చిక్కు దగ్గరలోనే: పలచని తొడుగు గుండు భుజం ఎముకకు తగిలి ముక్కలై లోపలికి పోకుండానే ఆగొచ్చు. తొడుగూ సీసమూ అతికించి చేసిన బాండెడ్ గుండైతే బరువు పెద్దగా పోగొట్టుకోదు.

పన్నెండు బోరు తుపాకీలో ఎల్.జి., ఎస్.జి. అనే పెద్ద గుళ్ల తూటాలు 25 మీటర్ల లోపలికే. అంతకు మించితే గుళ్లు చెదిరిపోతాయి, ఊపు తగ్గుతుంది. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద గట్టి పొర ఉంటుంది, ఊపు తగ్గిన గుళ్లు అక్కడే ఆగిపోతాయి. .22 రైఫిల్ చిన్న గుండు అసలు ఈ పనికే కాదు.

గురి తప్పేది ఎక్కువగా ఎత్తులో. పంది గుండెకాయ రొమ్ములో బాగా కిందికి, ముందు కాళ్ల మధ్య ఉంటుంది. వెన్నెముక కూడా అనుకున్నదానికంటే కిందే ఉంటుంది, పైన కనిపించేదంతా వెంట్రుకల మోపు, ముళ్లెముకలు. పైకి కాలిస్తే ఆ ముళ్లెముకలకు తగిలి పంది దబ్బున పడుతుంది. చచ్చిందని తుపాకీ దించేలోపు లేచిపోతుంది. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు వెంట పైకి చూసి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కాల్చాలి. తల అవతలికి తిప్పి ఏటవాలుగా నిలబడితే గుండు అవతలి ముందుకాలి వైపు బయటపడేలా లెక్క వేసుకోవాలి. ఎదురుగా వస్తున్నదాన్నీ పరిగెత్తేదాన్నీ వదిలేయడమే మేలు.

ఇక్కడి నేలతో ఇంకో చిక్కు ఉంది. రాతి గుట్ట, చేను చుట్టూ పాతిన నాపరాళ్లు తగిలితే గుండు ఎటు ఎగురుతుందో చెప్పలేం. పక్క చేలో కావలి పడుకున్నవాళ్లు ఉంటారు. మంచె మీది నుంచి కిందికి, గుండు మట్టిలో దిగేలా మాత్రమే కాల్చాలి.

తగిలిన చోట నెత్తురు చూడండి. నురగతో లేత ఎరుపైతే ఊపిరితిత్తులు, చాలా దూరం పోదు, అరగంట ఆగి వెతకండి. చిక్కగా నల్లెరుపైతే కాలేయం, ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పచ్చగా, కంపు కొడితే పేగులు. వెంటనే తరిమితే కంపల్లోకి పోయి తిరగబడుతుంది. రాత్రిపూట ఒంటరిగా వెనకపోవద్దు, అటవీ సిబ్బందికి చెప్పి తెల్లవారి వెతకండి. అనుమతితో కాల్చిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. పంచనామాలో గుండు దొరికితే దాని ఆకారం చూడండి: సాఫ్ట్ నోస్ గుండు విచ్చుకోకుండా మొదటి ఆకారంలోనే ఉంటే వేగం చాలలేదు, తొడుగు వేరు సీసం వేరు అయివుంటే ఆ దూరానికి ఆ గుండు మెత్తన.